లోపమా, గాయమా, మోసమా: ఎర్రర్ నాణేన్ని పరీక్షించే పద్ధతి

కొన్నేళ్ల కిందట మహబూబ్‌నగర్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన నా చేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టాడు. ఒకవైపు మూడు సింహాల బొమ్మ మామూలుగానే ఉంది. తిప్పి చూస్తే రెండో వైపున కూడా అదే బొమ్మ, అద్దంలో కనిపించినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంది. నాణేలు ముద్రించే టంకశాలలోనే పొరపాటు జరిగిన ఎర్రర్ నాణెం ఇదని, నగరంలో అయితే అయిదు వేలు పలుకుతుందని చెప్పి, బేరమాడిన తరువాత పన్నెండు వందలకు ఇచ్చాడు. నల్లగొండకు తిరిగి వచ్చి భూతద్దం కింద పెట్టి చూసేసరికి, లోపలికి దిగిన సింహాల అడుగున అణిగిపోయిన 1 అంకె ఆనవాలు స్పష్టంగా కనిపించింది. ఎవరో రెండు నాణేలను ఒకదానిపై ఒకటి పెట్టి బెంచి వైస్ అనే బిగింపు పనిముట్టులో బిగించి, ఒకదాని బొమ్మను రెండోదానిలోకి నొక్కారని అప్పుడు అర్థమైంది.

నిజంగా టంకశాలలో ఇలాంటి నాణెం పుట్టడానికి ఒకే మార్గం ఉంది. అప్పుడే ముద్ర పడిన నాణెం బయటికి పోకుండా ఒక అచ్చుకు అతుక్కుపోతుంది. వెనకే వచ్చిన ఖాళీ బిళ్ళ ఆ వైపున అచ్చుకు బదులు ఈ నాణేనికే ఒత్తుకుంటుంది. అంటే ఆ రెండో బిళ్ళకు అంకె ఉన్న అచ్చు ఎన్నడూ తగలలేదు. తగలని అచ్చు ఆనవాలు ఆ నాణెంపై ఉండే అవకాశమే లేదు. నా నాణెంపై 1 అంకె ఉంది కనుక అది టంకశాల తప్పు కాదు. ఇంత చిన్న తర్కం కొనక ముందు తట్టి ఉంటే నా పన్నెండు వందలు నా దగ్గరే ఉండేవి.

కాబట్టి ఏ నాణెం చేతికి వచ్చినా ధర సంగతి పక్కనపెట్టి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ వింత నాణెం తయారీలో ఏ దశలో, ఏ విధంగా జరిగి ఉంటుంది? ఆ దశను చెప్పలేకపోతే, అమ్మేవారు ఎంత గట్టిగా చెప్పినా ఆ నాణెం బయట పాడైనదనే భావించి ముందుకు పోవాలి.

తయారీ క్రమం పెద్ద రహస్యం కాదు. లోహపు రేకును పరిచి దానిలోంచి గుండ్రని బిళ్ళలు కోస్తారు. వాటిని కాల్చి మెత్తబరుస్తారు, అంచును ఒత్తి కొద్దిగా పైకి లేపుతారు. ఆ తరువాత ఒక్కొక్క బిళ్ళను కాలర్ అనే ఉక్కు వలయం మధ్యకు పంపి, పైనుంచీ కిందినుంచీ రెండు అచ్చులతో ఒక్కసారి గట్టిగా నొక్కుతారు. నొక్కినప్పుడు లోహం అచ్చులోని పల్లాలలోకి పారుతుంది, పక్కలకు పోకుండా కాలర్ ఆపుతుంది, అంచు మీద గీతలు ఉండే నాణెమైతే ఆ గీతలు కూడా కాలర్ వల్లే ఏర్పడతాయి. తప్పు బిళ్ళలో పుట్టాలి, అచ్చులో పుట్టాలి, లేదా నొక్కుడులో పుట్టాలి. నాలుగో చోటు లేదు. మన దేశంలో ఈ పని ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో జరుగుతుంది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్‌ది, వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. గుర్తు లేదు కనుక ఇది అరుదైన లోపమని కోల్‌కతా నాణేలను ఎక్కువ ధరకు అంటగట్టేవారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. హైదరాబాద్ టంకశాల ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. సైఫాబాద్‌లోని పాత టంకశాల భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. ఈ పద్ధతులను నేర్చుకోవాలనుకునేవారు అక్కడ ఒక పూట గడపడం మంచిది.

పరీక్షకు కావలసిన సామాను తక్కువే. పదిరెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాంటా, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, పక్కనుంచి వెలుగు పడేలా పెట్టుకోగల దీపం ఉంటే చాలు. కాంటా కొనదలచుకోనివారు తెలిసిన అవుసలి దగ్గర తూకం వేయించుకోవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యమైన సాధనం మాత్రం అదే సంవత్సరానిది, అదే రకానిది అయిన ఒక మామూలు నాణెం. దాన్ని పక్కన పెట్టుకోకుండా ఏ నాణేన్నీ పరీక్షించకూడదు. ఇంకొక మాట: నాణేన్ని చింతపండుతో గానీ గిన్నెలు తోమే పొడితో గానీ రుద్దవద్దు. మనకు సాక్ష్యం ఇచ్చేది ఆ పైపొరే.

తూకం చెప్పే సంగతులు చాలా ఉంటాయి. 2011లో వచ్చిన వరుసలో రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85 గ్రాములు, అయిదు రూపాయలు 6 గ్రాములు, పది రూపాయలు 7.71 గ్రాములు. రెండు రూపాయల ముద్ర పొరపాటున రూపాయి బిళ్ళపై పడితే ఆ నాణెం 3.79 గ్రాములకు దగ్గరగా తూగాలి, బిళ్ళ చిన్నది కనుక చుట్టూ ఉండే అక్షరాలలో కొంత భాగం పడకుండా పోవాలి. అదే రెండు రూపాయల నాణెం 4.2 గ్రాములు తూగిందనుకోండి, ఏ బిళ్ళ తూకానికీ అది సరిపోదు. దాన్ని అరగదీశారని గానీ ఆమ్లంలో ముంచారని గానీ అనుకోవాలి. ఆమ్లంలో ముంచిన నాణెం అన్నివైపులా సమానంగా పలచబడి, అక్షరాలు నానిన సబ్బు మీది పేరులా మెత్తబడి, పైభాగం గరుకుగా కనిపిస్తుంది. చాలాకాలం చేతులు మారిన నాణెం తూకంలో కొద్ది వందో వంతుల తేడా మాత్రం సహజమే.

అయస్కాంతం విషయంలో తొందరపాటు కూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి, రెండు రూపాయల నాణేలు అయస్కాంతానికి అంటుకుంటాయి. 1992 నుంచి వచ్చిన పదకొండు పలకల రాగి-నికెల్ రెండు రూపాయలు, 9 గ్రాముల బరువైన పాత అయిదు రూపాయలు అంటుకోవు. వెండి నాణెం అంటుకోదు కాబట్టి అంటుకున్న పాత రూపాయి దొంగదేనని చాలామంది తీర్మానిస్తారు. అయితే ఒకవైపు ఆరో జార్జి, మరోవైపు పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిని నికెల్‌తోనే చేశారు. అది అంటుకోవడమే సహజం. దాన్ని దొంగ వెండి రూపాయి అనుకుని పారేయబోయిన ఒక పెద్దాయనను నేను నార్కట్‌పల్లిలో ఆపవలసి వచ్చింది.

ఇక భూతద్దం కింద చూసేటప్పుడు మొదట అదనంగా కనిపించేది పైకి లేచి ఉందా, లోపలికి దిగి ఉందా అన్నది గమనించాలి. అచ్చుకు పగులు వస్తే ఆ పగులులోకి లోహం పారుతుంది కాబట్టి నాణెంపై సన్నని గీత ఉబ్బెత్తుగా వస్తుంది. అచ్చు అంచు ముక్క విరిగి ఊడిపోతే, ఆ చోట నాణెంపై బొమ్మ లేని లోహపు ముద్ద మిగులుతుంది, అది తప్పకుండా అంచును ఆనుకునే ఉంటుంది. గోటితో, మేకుతో, లెక్కించే యంత్రంతో పడిన గీత మాత్రం లోపలికే ఉంటుంది, దాని ఒడ్డున తవ్విన మన్నులా లోహం కొద్దిగా లేచి ఉంటుంది. నొక్కేటప్పుడు అచ్చుకూ బిళ్ళకూ మధ్య దారం, చిన్న తీగ ముక్క వంటివి పడినప్పుడు మాత్రం నిజమైన లోపం కూడా పల్లంగానే వస్తుంది. అటువంటి పల్లం అడుగు నునుపుగా, ఒడ్డు లేవకుండా ఉంటుంది.

అక్షరాలు మాయమైన నాణేలను చూసి మోసపోయేవారు ఎక్కువ. అచ్చు పల్లంలో గ్రీజు, మురికి గడ్డకడితే అక్కడికి లోహం చేరదు, అక్షరం మసకగా పడుతుంది లేదా పడనే పడదు. కానీ ఆ చోట నాణెం పైభాగం చుట్టుపక్కల భాగంలాగే ఉంటుంది, మెరుపులో తేడా ఉండదు. అక్షరాన్ని ఆకురాయితో గీసి తీస్తే పక్కనుంచి దీపం పెట్టినప్పుడు ఒకే దిక్కుకు పోయే సన్నని గీతలు, కొద్దిపాటి పల్లం బయటపడతాయి. సంవత్సరం కిందున్న నక్షత్రాన్ని గీకి కోల్‌కతా నాణెంగా మార్చడం, 1938ని దిద్ది అరుదైన 1939 రూపాయిగా చేయడం ఈ కోవలోకే వస్తాయి. అనుమానం ఉన్న అంకె చుట్టూ చూడాలి, ఆ తరువాత అదే అంకె మామూలు నాణెంపై ఎంత మందంగా, ఏ వంపుతో ఉందో పోల్చాలి.

జంటగా కనిపించే అంకెల విషయంలోనూ ఇంతే. అచ్చు తయారవుతున్నప్పుడే బొమ్మ రెండుసార్లు పడితే రెండో రూపు కూడా మొదటిదానిలాగే గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, అక్షరాల మూలలు చీలి కనిపిస్తాయి. నొక్కిన తరువాత అచ్చు కొద్దిగా కదిలితే అక్షరం పక్కన మెట్టులా చదునైన భాగం మాత్రమే ఏర్పడుతుంది. రెండోది యంత్రం అదురు వల్ల వచ్చేది, చాలా మామూలు సంగతి, దానికి డబ్బు పెట్టనవసరం లేదు.

పూరీ పిండిని పరిచి గ్లాసు మూతితో బిళ్ళలు కోసేటప్పుడు గ్లాసు ముందు కోసిన రంధ్రం మీదికి కొద్దిగా జరిగితే బిళ్ళకు ఒక పక్క చంద్రవంక కొరికినట్టు పోతుంది. నాణేలకు కూడా ఈ లోపం ఇలాగే వస్తుంది. అయితే బిళ్ళ అంచును ఒత్తి లేపే దశలో, కొరికిన చోట ఎదురు ఒత్తిడి ఉండదు కనుక దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా పలచగా, అణిగినట్టు వస్తుంది. అందుచేత కోత ఒక్కదాన్నే చూడకుండా దాని ఎదుటి వైపును చూడాలి. అక్కడ అంచు బలంగా, పూర్తిగా ఉంటే జాగ్రత్తపడాలి. కోత దగ్గరి అక్షరాలు కూడా సాక్ష్యం చెబుతాయి: నిజమైన కోత దగ్గర అక్షరం ఖాళీ వైపు సాగి పలచబడుతుంది, ఆకురాయితో కోసిన చోట అక్షరం కత్తితో తెంపినట్టు ఆగిపోతుంది.

బొమ్మ పక్కకు జరిగిన నాణేలకు గిరాకీ ఎక్కువ. బిళ్ళ కాలర్ మధ్యకు సరిగ్గా చేరకముందే అచ్చు దిగితే ఒకవైపు ఖాళీ చంద్రవంక మిగులుతుంది, రెండోవైపు బొమ్మ అంచు దాటి పోతుంది. ఈ ఖాళీ రెండు ముఖాలలోనూ ఒకేచోట ఉండాలి. ఒక ముఖంపైనే బొమ్మ జరిగి రెండో ముఖం నిండుగా ఉంటే కారణం వేరే వెతకాలి. ఇక బొమ్మా బొరుసుల మధ్య కోణం: మన నాణేన్ని పైనా కిందా వేళ్లతో పట్టుకుని గుండ్రంగా తిప్పితే రెండో ముఖం నిలువుగా కనిపించాలి. కొద్ది డిగ్రీల వాలు ఎన్నో నాణేలకు ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదు. సగానికి సగం తిరిగి ఉంటే అచ్చు వదులై తిరిగిందని అర్థం, అది నిజమైన లోపం.

మన ప్రాంతంలో నాణేలకు తగిలే గాయాలు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి, వాటిని గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి. దేవరకొండ వైపు, పాలమూరు తండాల్లో లంబాడీ స్త్రీలు నగలకు, దుస్తులకు పాత నాణేలను కుట్టుకునే సంప్రదాయం ఉంది. ఆ నగలు విప్పి అమ్మినప్పుడు వచ్చే రూపాయలకు పైఅంచున కొండి ఊడిన చోట టంకం మచ్చ, లేదా బొమ్మను చీల్చుకుంటూ పోయిన రంధ్రం ఉంటుంది. మేకుతో పొడిచిన రంధ్రానికి ఒక ముఖంపై పెదవి లేచి ఉంటుంది, రంధ్రం పూడ్చినా ఆ చోట రంగు వేరుగా ఉంటుంది. 1943 నుంచి 1947 వరకు వచ్చిన పైసకు మాత్రం నడుమ రంధ్రం టంకశాలలోనే పెట్టారు, బొమ్మనంతా ఆ రంధ్రం చుట్టూ సర్దారు. దాన్ని చూపి రంధ్రాలన్నీ లోపాలేనని వాదించేవారితో వాదించకండి. రైలు పట్టాల మీద పెట్టిన నాణెం పలచబడి కోడిగుడ్డు ఆకారంలో సాగుతుంది, దానిపై బొమ్మ కూడా సాగుతుంది. కాలర్ లేకుండా ముద్ర పడి వెడల్పైన నాణెంలో మాత్రం బొమ్మ తన కొలత దాటి పెరగదు, బొమ్మ బయట ఉన్న ఖాళీ భాగమే పెరుగుతుంది. హుండీ నుంచి, హోమగుండం నుంచి వచ్చిన నాణేలకు కుంకుమ, నూనె, మసి కలిసి నల్లటి, రాగి వన్నె పొరలు పడతాయి. అవి చూసి రాగి బిళ్ళపై పడిన రూపాయి అని పొంగిపోకుండా కాంటా మీద పెట్టండి.

పది రూపాయల నాణేన్ని విడిగా చెప్పుకోవాలి. నడిమి బిళ్ళనూ బయటి వలయాన్నీ కలిపి ఒకేసారి ముద్ర వేస్తారు కనుక రెంటినీ దాటి పోయే బొమ్మ అతుకు దగ్గర తెగకుండా సాగాలి. 2011 తరువాతి నాణెంపై 10 అంకె కొంత నడుమ, కొంత వలయంపై పడుతుంది. నడుమ భాగం తలకిందులుగా తిరిగి, అంకె అతుకు దగ్గర తెగి ఉంటే, ముద్ర పడిన తరువాత ఎవరో దాన్ని ఊడగొట్టి మళ్లీ బిగించారన్నమాట. నడిమి బిళ్ళ వలయంలో పక్కకు జరిగి ఉండి, బొమ్మ మాత్రం తన చోటనే తెగకుండా ఉంటే అది టంకశాల పొరపాటు కావచ్చు. ఇదంతా ఒక ఎత్తు, ఈ నాణేన్ని దొంగదని అసలు తీసుకోకపోవడం మరో ఎత్తు. ₹ గుర్తు లేదనీ, బొమ్మలోని గీతలు పదికి బదులు పదిహేను ఉన్నాయనీ మన కిరాణా దుకాణాల్లో, కూరగాయల బండ్ల దగ్గర తిరస్కరిస్తున్నారు. అప్పటివరకు వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ₹ గుర్తు 2010లో పుట్టింది, నాణేలపైకి 2011లో వచ్చింది. అంతకు ముందటి నాణెంపై అది ఎలా ఉంటుంది?

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం ఎదురైతే దాదాపు ప్రతిసారీ అది లేత్ మిషను పనే. ఒక నాణేన్ని గిన్నెలా తొలిచి, మరొక నాణేన్ని అరగదీసి అందులో దిగబెడతారు. అంచుకు లోపలిగా, ఒక ముఖంపై, వెంట్రుకంత అతుకు చుట్టూ తిరుగుతుంది. బండ మీద జారవిడిస్తే మోత మొద్దుగా ఉంటుంది.

పూర్తిగా కల్తీవి రెండు రకాలు. పోతపోసిన నాణెంపై సూదిమొన రంధ్రాలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన గీత, ఆ గీతను దాచడానికి ఆకురాయితో రుద్దిన ఆనవాలు ఉంటాయి. అచ్చుతో నొక్కిన కల్తీని పట్టుకోవడం కష్టం, అక్కడ తూకం, సాంద్రత ఆదుకుంటాయి. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే ఉదాహరణ చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. మహబూబ్‌నగర్‌కు పేరు ఇచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నాణెంలో చార్మినార్ ద్వారం నడుమ ఉర్దూ మీమ్ అక్షరం, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ నాణెంలో అయిన్ అక్షరం ఉంటాయి. ఈ అక్షరం మారడం లోపం కాదు, పాలకుడు మారిన గుర్తు. రూపాయి తూకం 11.18 గ్రాములు, వెండి సాధారణంగా నూటికి 81.8 వంతులు. కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో కట్టి అడుగు తగలకుండా పూర్తిగా ముంచితే కాంటా సుమారు 1.10 చూపాలి. తూకాన్ని దానితో భాగిస్తే 10.2 దగ్గరికి వస్తుంది, అదే సాంద్రత. రాగి-నికెల్ మిశ్రమంతో చేసి అదే తూకానికి తెచ్చిన కల్తీ అయితే 1.25 చూపుతుంది. ఇంత సులభమైన పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే కొనవలసిన పని లేదు.

రాముడు, హనుమంతుడు వంటి దేవతల బొమ్మలతో, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో, 1616, 1717, 1818 వంటి సంవత్సరాలతో కనిపించే రాగి అర్ధణాలను కంపెనీ ఎన్నడూ వేయలేదు. యాత్రాస్థలాల్లో అమ్మకానికి చేసిన బిళ్ళలవి. రైస్ పుల్లింగ్ పేరుతో, బియ్యాన్ని లాగే మహిమ ఉందని చెప్పి లక్షలు గుంజే ముఠాలు చూపించేవి కూడా తరచుగా ఇలాంటివే.

చేతితో ముద్ర వేసిన పురాతన నాణేలకు ఈ నియమాలు వర్తించవు. పాత నల్లగొండ జిల్లా భాగమైన ఫణిగిరిలో 2024లో ఒక కుండలో 3,730 ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు బయటపడ్డాయి. ఆ కాలపు నాణేల మీద బొమ్మ పక్కకు జరగడం, సగమే పడటం మామూలు. వాటిని ఎర్రర్ నాణేలని పిలవడం అర్థం లేని పని. పొలం దున్నేటప్పుడు అటువంటివి దొరికితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి, అమ్మకూడదు.

నేటి కల్తీ నాణెమని తేలినదాన్ని మళ్లీ చలామణిలో పెట్టకండి. తెలిసి మార్చడం 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం. అలాగే పాత నాణేన్ని లక్షలకు కొంటామని, ముందుగా కమీషన్ లేదా పన్ను కట్టమని ఫోన్ చేసేవారు రిజర్వు బ్యాంకు పేరు చెప్పినా నమ్మకండి. తన పేరుతో ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

పరీక్షించిన ప్రతి నాణేనికీ ఒక చిన్న కాగితపు కవరు పెట్టి, దానిపై సంవత్సరం, టంకశాల గుర్తు, తూకం, వ్యాసం, లోపం ఏ దశలో జరిగిందని మీరు భావిస్తున్నారో రాసుకోండి. దశ దగ్గర ఏమీ రాయలేకపోయిన కవర్లను విడిగా ఉంచండి. నా దగ్గర అలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి, పన్నెండు వందల రూపాయి అందులో మొదటిది. ఎవరైనా తిరగబడిన సింహాల నాణెం తెస్తే మొదట దాన్నే తీసి పక్కన పెడతాను.